ఎర్ర మూటల పారమ్మ

తెల్లారుతోంది. మంచు పట్టింది. గాలి లేదు.

ఎప్పటి మాట అంటే, సముద్రానికి ఇంకా ఇన్ని ఊళ్ళ పేర్లు తెలియని నాటి మాట. తెప్పలకి తెరచాప కట్టడం ఎవరికీ తెలియని నాటి మాట. ఈ కథకి కోపం ఎక్కువ. నెమ్మదిగా వినండి.

ఉత్తరపు ఒడ్డున రాళ్ళమొగ అని ఒక పల్లె. పల్లె ముందు సముద్రంలో అటు రాళ్ళు, ఇటు రాళ్ళు. మధ్యలో రెండు తెప్పలు పక్కపక్కన పట్టేటంత సందు. ఎండ ఉన్న రోజున ఆ సందులోంచి కబుర్లు చెప్పుకుంటూ వచ్చేసేవారు. మంచు పట్టిన రోజున కళ్ళు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. దీపం పెడితే కనబడదు. డప్పు కొడితే ఆ చప్పుడు రాళ్ళకి తగిలి నాలుగు దిక్కుల నుంచీ మోగేది.

మనిషి గొంతుకైతే దిక్కు తెలిసేది, అందుకని ఆ పల్లెలో ఒక ఆచారం పెట్టుకున్నారు. సందుకి ఎదురుగా ఇసుక దిబ్బ. మంచు పట్టిందంటే పెళ్ళికాని ఆడపిల్ల, గుంట అంటారు అక్కడ, ఒకతె ఆ దిబ్బ ఎక్కి పిలవాలి. ఓ... అని పిలవాలి. తెప్పల మీద వాళ్ళు ఆ పిలుపుకి ముక్కు సూటిగా తెడ్డు వేసుకుని వచ్చేవారు.

ఇంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత ఉంది కోపం.

ఎంత గట్టిగా పిలిస్తే అంత మంచిదని వాళ్ళ నమ్మకం. మెడ పైకెత్తాలి. నరాలు ఉబ్బాలి. కళ్ళు ఎర్రబడాలి. గుంట దిబ్బ మీద కేకలు పెడుతుంటే కింద ఊరంతా చేరి ఇంకా, ఇంకా, ఇంకా అని అరిచేవారు. అలా అరవగా అరవగా గుంట ఉమ్మిలో రక్తం పడేది. రక్తం పడితే సముద్రపు తల్లి గంగమ్మ పిలుపు అందుకున్నట్టు. ఊరి పెద్ద వచ్చి గుంటకి ఎర్రచీర కప్పేవాడు. ఆ ఇంటివాళ్ళు ఏడాదంతా ఆ ముచ్చటే చెప్పుకుని తిరిగేవారు.

గుంటకి గొంతు మాత్రం తిరిగొచ్చేది కాదు.

ఆ ఊరి గుంటల్ని ఆ ఊరివాళ్ళే చేసుకునేవారు. అందుకని ఏ ఇంట్లో చూసినా ఇల్లాలిది బొంగురు గొంతో, పిల్లిగొంతో, వట్టి గాలో. అమ్మలు జోల పాడేవారు కాదు. చప్పట్లు కొట్టి నిద్రపుచ్చేవారు. ఎండుచేపలు కొనడానికి వచ్చిన పై ఊరివాళ్ళు, మీ ఆడవాళ్ళందరికీ ఏడాది పొడుగునా పడిశమేనా అని నవ్వేవారు. ఊరివాళ్ళూ నవ్వేవారు. నవ్వేసి ఊరుకునేవారు.

పారమ్మ ఆ ఊరికి బయటి నుంచి వచ్చిన కోడలు. ఆమెకి గొంతు ఉంది. మాటలే తక్కువ. చేపల పొట్ట చీల్చి ఉప్పు పట్టించి ఆరేసే పని ఆమెది. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా అదే పని. మొగుడు ఎర్రయ్య తెప్ప మీద పోయేవాడు. కొడుకు లచ్చన్న ఇంకో తెప్ప మీద పోయేవాడు. పెద్ద కూతురు గురమ్మ. చిన్న కూతురు అసిరి.

గురమ్మకి ఈడొచ్చిన ఏడాది దిబ్బ ఎక్కించారు. ఆ రోజు మంచు దుప్పటిలా పడి ఉంది. గురమ్మ పిలిచింది. ఊరు ఇంకా అంది. గురమ్మ అరిచింది. ఊరు ఇంకా అంది. గురమ్మ కేక పెట్టింది. ఊరు ఇంకా అంది. మధ్యాహ్నానికి రక్తం పడింది. ఊరు ఈలలు వేసింది. ఆ తర్వాత గురమ్మ నోరు తెరిచింది, శబ్దం రాలేదు. చీర కప్పే సందడిలో పిలుపు ఆగిపోయిందన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

అప్పటికి ఒక తెప్ప ఇంకా రాళ్ళకి అవతలే ఉంది. లచ్చన్న ఉన్న తెప్ప.

మర్నాడు ఒడ్డుకి ఆ తెప్ప దుంగలు కొట్టుకొచ్చాయి.

ఊరి పెద్ద తవిటయ్య పారమ్మ ఇంటికి వచ్చాడు. గంగమ్మ మీ ఇంట్లో గొంతూ తీసుకుంది, కొడుకునీ తీసుకుంది, ఎంత పెట్టి పుట్టారో అన్నాడు. అతని వెనక వచ్చినవాళ్ళు చేతులు జోడించారు. పారమ్మ ఎర్రచీర మడిచి ఉప్పుకుండలో పెట్టింది.

కోపాలు మూడు రకాలు. అరిచే కోపం ఒకటి. ఏడ్చే కోపం ఒకటి. ఉప్పులో ఊరే కోపం ఒకటి. మొదటి రెండూ తొందరగా పాడైపోతాయి. పారమ్మది మూడోది.

ఏళ్ళు గడిచాయి. గురమ్మకి పెళ్ళయింది. పిల్లాడు పుట్టాడు. ఇంకో రెండు చలికాలాలు పోతే అసిరి దిబ్బ ఎక్కాలి. అసిరి నవ్వితే పక్కింటి కోళ్ళు తల ఎత్తేవి. ఆ నవ్వు విన్నప్పుడల్లా తవిటయ్య, గంగమ్మకి బాగా దాచావు అనేవాడు. పారమ్మ చేతిలో చేప ముక్కలైపోయేది.

ఒక మధ్యాహ్నం గురమ్మ పిల్లాడు ఏడుపు అందుకున్నాడు. గురమ్మ చప్పట్లు కొడుతోంది. వాడు ఆపడం లేదు. తిండి వేళ దాటింది, వాడు ఆపలేదు. చేపలు తిరగేసి వచ్చినా ఆపలేదు. పారమ్మ వాణ్ణి ఎత్తుకుంది. ఎత్తుకుని ఆగిపోయింది. ఇంతసేపు ఏడ్చాడు, గొంతు బొంగురు పోలేదు. ఎదిగిన గుంట దిబ్బ మీద మధ్యాహ్నానికే పోగొట్టుకునే గొంతు ఈ గుప్పెడంత వాడికి పోలేదు. వాణ్ణి ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి చూసింది. భుజాలు కదలడం లేదు. మెడ నరం లేవడం లేదు. బొడ్డు కింద పొట్ట లేస్తోంది, పడుతోంది. అంతా పొట్టే.

అది మొదటి గురువు.

రెండోది ఉప్పుకుండ. ఖాళీ కుండ కడుగుతూ పెదాలు మూసుకుని ఏదో కూనిరాగం తీసింది పారమ్మ. కుండ జుమ్మంది. గట్టిగా అరిచి చూసింది. కుండ పలకలేదు. మళ్ళీ పెదాలు మూసి మెల్లిగా తీసింది. కుండ చేతుల్లో వణికింది, పెదాలకి చక్కిలిగింత పుట్టింది.

మూడోది ఊరకుక్క. అది ఎండలో పడుకుని లేచింది. దవడ కిందికి జారవిడిచి ఆవులించింది. ఆ తర్వాత మోర సాచి ఒక్క కూత పెట్టింది. ఆ కూత దిబ్బ దాటి, తాటితోపు దాటి పోయింది. కుక్క ఏమీ కష్టపడలేదు. వెళ్ళి మళ్ళీ పడుకుంది.

ఆ సాయంత్రం పారమ్మ ఉప్పుకుండలోంచి ఎర్రచీర తీసింది. చింపింది. మూడు సంచులు కుట్టింది. ఇసుక పోసి మూతి కట్టింది. కూతురు గంగమ్మకిచ్చిన గొంతుకి కప్పిన చీర అది. చింపుతుంటే గురమ్మ చూసింది. సూదిలోకి దారం గురమ్మే ఎక్కించి ఇచ్చింది.

అసిరితో బాటు ఇంకో ఇద్దరు గుంటలు వచ్చేవారు, పోలి, నీలాలు. వాళ్ళ తల్లులిద్దరూ బొంగురు గొంతు వాళ్ళే. చేపలారేసే పందిళ్ళ వెనక, మొగాళ్ళు వలలు బాగుచేసుకునే వేళ, పారమ్మ వాళ్ళని వెల్లకిలా పడుకోబెట్టేది. పొట్ట మీద ఎర్ర మూట పెట్టేది. ఊపిరి తీస్తే మూట లేవాలి. వదిలితే మెల్లిగా దిగాలి. మూట దబ్బున పడితే మళ్ళీ మొదటి నుంచి. భుజం కదిలితే మళ్ళీ మొదటి నుంచి. పది రోజులు పాట లేదు, మాట లేదు, మూటే. ఆ తర్వాత కుండ. పెదాలు మూసి కుండలోకి తుమ్మెదలా పాడాలి. కుండ వణికేదాకా నోరు తెరవకూడదు. ఆ తర్వాత ఆవులింత. దవడ వదిలెయ్యాలి. గడ్డం ఆకాశానికి ఎత్తకూడదు. నాలుక వెనక్కి ముడుచుకోకూడదు.

ఇంకొక్క కట్టుబాటు పెట్టింది. గొంతులో గుచ్చుకుంటే చెయ్యెత్తాలి. చెయ్యెత్తినది కూర్చోవాలి, గోరువెచ్చని గంజి తాగాలి, మెదలకుండా ఉండాలి. గుసగుస కూడా ఆడకూడదు. ఇంకోతె లేవాలి.

గుంటలు కుక్కని చూసి ఆవులించడం నేర్చుకుంటూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వేవారు. పోలి గడుసుది.

"అత్తా, కుక్క దగ్గర పిలుపు నేర్సుకున్నామంటే మమ్మల్నెవరు సేసుకుంటారే?" అంది.

"మూగదాన్ని సేసుకున్నోడు దొరికాడు కదే మా గురమ్మకి. నీకు నోరున్నోడే దొరుకుతాడులే. మూట పడిపోనాది, మళ్ళీ తియ్యి ఊపిరి," అంది పారమ్మ.

పోలి నవ్వు ఆగిపోయింది. ఊపిరి తీసింది.

రెండు చలికాలాలు అలా పోయాయి. మూడో చలికాలం మొదట్లో, తెప్పలన్నీ చీకటి ఉండగానే పోయాక, మంచు పట్టింది. తెల్లారింది. గాలి లేదు. సముద్రం ఉందో లేదో తెలియడం లేదు. ఎర్రయ్య తెప్ప కూడా లోపలే ఉంది.

ఊరంతా దిబ్బ కింద చేరేసరికి పారమ్మ దిబ్బ మీద ఉంది. ముగ్గురు గుంటలు ఇసుకలో పడుకుని ఉన్నారు. పొట్టల మీద ఎర్ర మూటలు లేస్తున్నాయి, దిగుతున్నాయి. పక్కన కుండ.

తవిటయ్యకి ముందు అర్థం కాలేదు. పక్కవాడు చెవిలో చెప్పాడు, ఆ ఎరుపు ఎక్కడిదో. తవిటయ్య మొహం మాడిపోయింది. గంగమ్మ చీర చింపినదానివి బాగుపడతావా అన్నాడు. లేవండే అన్నాడు. అరవండే అన్నాడు. గుంటలు లేచారు. కానీ అరవలేదు. కుండ చుట్టూ చేరి పెదాలు మూసుకుని తుమ్మెదల్లా మొదలుపెట్టారు. కింద జనం తిట్టారు. మొగాళ్ళు సముద్రంలో ఉంటే కుండలో పాటలేంటి అని తిట్టారు. బొంగురు గొంతులతో ఆడవాళ్ళూ తిట్టారు. అది అన్నిటికన్నా ఎక్కువ తగిలింది పారమ్మకి.

అసిరి నిలబడింది. దవడ వదిలింది. పిలిచింది.

అది కేక కాదు. దగ్గర నిలబడ్డవాళ్ళకి అది పెద్దగా కూడా అనిపించలేదు. నున్నగా, గుండ్రంగా, తెగకుండా పోయింది. ఊపిరి అయిపోయే ముందే ఆపింది. ఊపిరి తీసుకుంది. మళ్ళీ అదే ఎత్తున అందుకుంది.

తవిటయ్య దిబ్బ ఎక్కాడు. వెనక నలుగురు మొగాళ్ళు. పారమ్మ చేపలు కోసే కత్తితో అడ్డం నిలబడింది. అన్నాళ్ళూ అతన్ని మావా అని పిలిచేది. ఆ రోజు అనలేదు.

"ఇది పిలుపేటే? నాకే ఇనబడ్డం లేదు. మొగాళ్ళు రాళ్ళకి కొట్టుకుని సస్తే ఎవలు జవాబు సెప్పాలి?" అన్నాడు తవిటయ్య.

"సస్తే నా మొగుడూ సస్తాడు. నీ కొడుకులిద్దరూ ఒడ్డునే ఉన్నారు."

"గంగమ్మ రగతం అడుగుతాది."

"ఎవరి సెవిలో అడిగింది? నీ సెవిలోనా? అయితే నువ్వు ఉమ్ము. నా కొడుకు తెప్ప రాళ్ళకి కొట్టుకున్నప్పుడు మీరు ఈలలేశారు. పిలుపు ఆగిపోనాదని ఒక్కడికి తెలీలేదు. ఆడు గంగమ్మ పిలిస్తే పోలేదు. మీరు పిలవడం మానేస్తే పోయాడు."

అంత మాట పారమ్మ అంతకు ముందు అనలేదు. ఆ తర్వాతా అనలేదు.

మొగాళ్ళు కత్తిని చూశారు. అది రోజూ చేపల పొట్టలు చీల్చే కత్తి. ఆ చెయ్యి ఎంత వాటంగా తిరుగుతుందో ఊరందరికీ తెలుసు. ఎవరూ ముందుకు రాలేదు. వెనక్కీ పోలేదు.

పొద్దెక్కింది. మంచు కరగలేదు. అసిరి పిలుస్తూనే ఉంది. ఉన్నట్టుండి చెయ్యెత్తింది. కూర్చుంది. పోలి లేచి అందుకుంది. ఆ మధ్య ఒక్క ఊపిరంత కూడా పిలుపు తెగలేదు. కానీ అసిరి కూర్చోవడం చూసి కింద జనం ఒక్కసారిగా భగ్గుమన్నారు. మధ్యలో దిగిపోతుందా అన్నారు. గొంతు దాచుకుంటోంది అన్నారు. తండ్రి లోపలుండగా గంజి తాగుతోంది చూడండి అన్నారు. ఇసుక విసిరారు. గంజి ముంత ఒలికిపోయింది.

అప్పుడు గురమ్మ దిబ్బ ఎక్కింది. పిల్లాణ్ణి అసిరి ఒళ్ళో కూర్చోబెట్టింది. వెళ్ళి తవిటయ్య ఎదురుగా నిలబడింది. మెడ ఎత్తింది. నరాలు ఉబ్బాయి. కళ్ళు ఎర్రబడ్డాయి. వాళ్ళు నేర్పినట్టే, అప్పటిలాగే, నోరు పెద్దగా తెరిచి పిలిచింది.

గాలి వచ్చింది. వట్టి గాలి.

మళ్ళీ పిలిచింది. గాలి. మళ్ళీ పిలిచింది. గాలి.

కింద ఇంకా, ఇంకా అని అరవడానికి ఎవరికీ నోరు రాలేదు. అలల చప్పుడు వినబడింది. దాని మీద పోలి పిలుపు వినబడింది. అప్పుడే విన్నారు వాళ్ళు దాన్ని. బొంగురు గొంతు ఆడవాళ్ళు ఒక్కొక్కరే కూర్చున్నారు. కొందరు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఇసుక విసిరిన ఒక ముసలమ్మ పైకి వచ్చి, ఒలికిన ముంత తీసుకెళ్ళి, గంజి నింపి తెచ్చి అసిరి పక్కన పెట్టింది.

మధ్యాహ్నం దాటింది. నీలాలు అందుకుంది. తర్వాత అసిరి. తర్వాత పోలి. పిలుపు నున్నగా పోతూనే ఉంది. మొదటి తెప్ప సందులోంచి వచ్చింది. రెండోది వచ్చింది. ఒకటి తర్వాత ఒకటి. చివరికి ఎర్రయ్య తెప్ప వచ్చింది. ఎర్రయ్య దిగి పారమ్మని చూసి, ఎప్పుడూ తెగి తెగి వచ్చే పిలుపు ఇవాళ తాడులా వచ్చింది, పట్టుకుని వచ్చేశాం అన్నాడు. మిగతా తెప్పలవాళ్ళూ అదే మాట అన్నారు.

ఊరు పారమ్మ కాళ్ళ మీద పడింది అనుకుంటున్నారా? పడలేదు.

గంగమ్మకి ఇవాళ దయ కలిగింది అన్నాడు తవిటయ్య. ఊరు సరే అంది. చీర చింపిన తప్పుకి ఎర్రయ్యని ఊరంతా కలిసి లాగే పెద్దవల వాటాలోంచి తీసేశారు. ఎర్రయ్య చిన్న వలతో ఒడ్డు వారనే పట్టుకుని బతికాడు. పారమ్మ ఆరేసిన చేపలు ఆ ఊరివాళ్ళు కొనడం మానేశారు. ఆమె పై ఊళ్ళు తిరిగి అమ్ముకుంది. బావి దగ్గర కొన్నాళ్ళు ఎవరూ పలకరించలేదు. ఆమె కూడా పలకరించలేదు.

కానీ మంచు పట్టిన ప్రతి రోజూ అసిరినీ పోలినీ నీలాలునీ దిబ్బ ఎక్కించారు. ఎందుకు ఎక్కించారో ఎవరూ పైకి అనలేదు. కొన్నాళ్ళకి ఒక తల్లి పందిళ్ళ వెనక్కి కూతుర్ని తీసుకొచ్చింది. చాటుగానే వచ్చింది. పారమ్మ ఏమీ అడగలేదు. మూట అందించింది. ఆ తర్వాత ఇంకో తల్లి. ఆ తర్వాత తవిటయ్య కోడలు తన కూతుర్ని తెచ్చింది. ఆ రోజు పారమ్మ మూట వెంటనే ఇవ్వలేదు. చాలాసేపు ఆ గుంట మొహం చూసింది. గుంట మొహంలో తవిటయ్య పోలిక ఉంది. చివరికి, ఇందులో నీ తప్పు ఏటుందే, పడుకో అంది.

అసిరికి పెళ్ళయింది. అసిరి తన పిల్లకి జోల పాడింది. ఆ సాయంత్రం వీధిలో నడుస్తున్నవాళ్ళు ఆగిపోయారట. పెళ్ళయిన ఆడదాని గొంతు అలా ఉంటుందని వాళ్ళకి తెలియదు.

పారమ్మ పోయాక ఆ ఊరు మారింది. అదీ కోపం తెప్పించే సంగతే. ఉన్నన్నాళ్ళూ పలకని నోళ్ళు పోయాక పేరు పెట్టి పిలిచాయి. ఎర్ర మూటల పారమ్మ అన్నారు. తవిటయ్య మనవడే ఆమె పేరు తెప్పకి పెట్టుకున్నాడు.

ఇప్పటికీ రాళ్ళమొగలో పుట్టిన ఆడపిల్లకి మొదటి చలికాలం దాటాక ఎర్రగుడ్డతో మూట కుడతారు. ఈడొచ్చాక అది పొట్ట మీద పెట్టుకుని ఊపిరి నేర్చుకుంటుంది. పిలుపుకి ముందు కుండలో పాడకుండా ఏ గుంటా నోరు తెరవదు. దిబ్బ మీద గుంట చెయ్యెత్తితే, ఊరి పెద్దయినా సరే, ఒక్క మాట అనడానికి లేదు. అంటే ఆ రోజు అతని తెప్పలో చేపలు ఎవరూ ముట్టరు. ఎవరైనా పిల్లల్ని ఇంకా, ఇంకా అని తరిమితే, ఏటి, పారమ్మ కత్తి కావాలా అని అడుగుతారు.

ఇంకొకటి కూడా చేస్తారు. అది ఆమె పోయిన రోజున మొదలైంది.

ఆ రోజు కూడా మంచే. పారమ్మకి జ్వరం. దిబ్బ కింద గుడిసెలో పడుకుని ఉంది. పైన గుంటలు పిలుస్తున్నారు. పొద్దు వాలేసరికి తెప్పలన్నీ వచ్చాయి. వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరే పేరు చెప్పారు. పారమ్మ ఒక్కో పేరుకీ ఒక్కో వేలు ముడిచి లెక్కపెట్టుకుంది. గుంటలు దిబ్బ దిగి వచ్చారు. ఒక్కొక్కతెనీ ఏదో ఒకటి మాట్లాడమంది. ఒకతె ఆకలేస్తోంది అంది. ఒకతె చలేస్తోంది అంది. ఒకతె అమ్మమ్మా అంది. పారమ్మ ప్రతి గొంతూ చెవి ఒగ్గి విని వేలు ముడిచింది.

గురమ్మ మంచం పక్కనే కూర్చుని ఉంది. తల్లి చెయ్యి ఆమె చేతిలోనే ఉంది.

"గురమ్మా," అంది పారమ్మ.

గురమ్మ పెదాలు కదిలాయి. గాలే వచ్చింది. పారమ్మ వేలు ముడవలేదు.

"గురమ్మ ఇంకా రాలేదు. దిబ్బ మీద ఒకరుండండి," అంది. ఆ తర్వాత మాట్లాడలేదు.

అందుకే ఇప్పటికీ, తెప్పలన్నీ వచ్చాక కూడా, ఒక గుంట దిబ్బ మీదే ఉంటుంది. సముద్రానికి వీపు పెట్టి, ఊరి వైపు తిరిగి, మెల్లిగా ఒక్క పిలుపు పిలుస్తుంది. కింద ఊరంతా కదలకుండా నిలబడి ఉంటుంది. అప్పుడు ఊళ్ళోకెల్లా పెద్ద ముసలమ్మ ముందుకొస్తుంది. పారమ్మ లెక్కపెట్టినట్టే లెక్కపెడుతుంది.

తెప్పల మీదివాళ్ళు వచ్చారు.

దిబ్బ మీదివాళ్ళు వచ్చారు.

గురమ్మ ఇంకా రాలేదు.